సలాం కొట్టే అంబాసిడర్!

హీరో దిగగానే కారు కూడా తలొంచి నేలకి ఆనుకుందనుకోండి... హాల్లో ఈలలే ఈలలు! 2018లో ‘టాక్సీవాలా’లో పాత కాంటెస్సానీ, 2024లో ‘కల్కి’లో బుజ్జినీ చూసి మతిపోగొట్టుకున్న మా బావమరిదికి ఈమధ్య ఫోనులో ఇంకో వింత కనబడింది. ఏదో అమెరికా వీధిలో పాతకాలపు కారు. స్విచ్ నొక్కితే ‘ఉస్సు’మంటూ పొట్ట నేలకి ఆన్చింది. మళ్లీ నొక్కితే లేచి నిలబడింది. ఇంకేం!

“బావా, మంత్రాలయంలో నా పెండ్లి ఊరేగింపుకు నాయన అంబాసిడర్‌ను ఇట్ల చేయించల్ల” అని పట్టుబట్టాడు.

మామ పోయి మూడేళ్లు. ఎమ్మిగనూరు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన బండి అలాగే ఉంది. వేసవి సెలవుల్లో ఆ వెనక సీట్లో ఆరుగురు పిల్లలం ఇరుక్కుని మంత్రాలయం వెళ్లేవాళ్లం. మాధవరం వచ్చేలోగా ఒకరికైనా వాంతి అయ్యేది, అది వేరే సంగతి. కాబట్టి ఈ ముచ్చటలో నాకూ వాటా ఉంది. పత్రికలకు రాసుకునేవాణ్ణి గదా, ముందు ఆరా తీద్దామని బయల్దేరాను.

ఇందులో మంత్రం ఏమీ లేదు. బెంగళూరు నుంచి రాత్రంతా నడిచి వచ్చే పెద్ద ఏసీ బస్సులు చూశారుగా, చాలావాటి కింద ఉండేది ఇదే సరుకు. మామూలు కారు బరువు మోసేవి ఉక్కు స్ప్రింగులు, కమాను కట్టలు. గాలి పద్ధతిలో వాటి స్థానంలో దారాల పొరలు కలిపి చేసిన గట్టి రబ్బరు సంచులు ఉంటాయి. డిక్కీలో బ్యాటరీ మీద నడిచే చిన్న కంప్రెసర్, పక్కనే గాలి ట్యాంకు. అక్కణ్ణుంచి నాలుగు సంచులకీ సన్నటి గొట్టాలు, మధ్యలో కరెంటుతో తెరుచుకునే వాల్వులు. ఒక స్విచ్ నొక్కితే ట్యాంకులో గాలి సంచిలో దూరి బండి లేస్తుంది. ఇంకోటి నొక్కితే గాలి బయటికి పోయి బండి కూర్చుంటుంది. ట్యాంకు ముందే నిండి ఉండాలి సుమా! ఒక్క కంప్రెసర్నే నమ్ముకుంటే బండి లేచేలోగా పెళ్లికొడుకు నిద్రపోతాడు.

సొగసుకే కాదు, సుఖానికీ ఇది మంచిదే. ఉక్కు కమాను ఒక్కడెక్కితే బిగుసుకుంటుంది, ఆరుగురెక్కితే కుంగుతుంది. సంచిలోనైతే బరువును బట్టి గాలి పెంచుకోవచ్చు. ఎందరెక్కినా ఎత్తు అదే, ఊగే తీరూ ఇంచుమించు అదే.

కారును లేపడం, దించడం అనే ఈ సరదాకు కాలిఫోర్నియాలో తమాషా కథ ఉంది. బండిలో ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగుకన్నా కిందికి ఉండకూడదని 1958లో అక్కడ చట్టం వచ్చింది. మరుసటేడే రాన్ అగీర్రే అనే కుర్రాడు విమానాల పాత సామానులోంచి హైడ్రాలిక్ పంపులు తెచ్చి తన కార్వెట్‌కు బిగించాడు. పోలీసు కనబడితే ఎత్తు, పోయాక దించు! అది నూనె పద్ధతి. నూనె నొక్కితే నలగదు గనక బండి గెంతులు వేస్తుంది కానీ సవారీ మాత్రం ఎద్దుబండే. గాలి నలుగుతుంది, అందుకే మెత్తన. అయితే 1957లో కాడిలాక్ కంపెనీ ఎల్డొరాడో బ్రూమ్ కారుకి తనే గాలి సంచులు పెట్టి అమ్మితే, గాలి కారిపోతోందని చాలామంది విప్పేసి మామూలు స్ప్రింగులు వేయించుకున్నారు. ఈ ముక్క మా వాడికి చెప్పలేదు.

ఇద్దరం అంబాసిడర్‌ను ఆదోని తోలుకుపోయాం. పత్తి లారీలకు కమాన్లు కట్టే ఓ పెద్దాయన ఫోనులో ఆ బొమ్మ రెండుసార్లు చూశాడు.

“సంచి పెట్టేది పెద్ద పని కాదు సార్. కమాను తీసేస్తే వెనక ఇరుసును పట్టుకునేది ఎవరు?”

నేను తెల్లమొహం వేశాను. కమాను బరువు మోసేది మాత్రమే కాదట. ఇరుసు ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకునేదీ అదేనట. దాన్ని పీకితే ఇరుసును కట్టిపడేయడానికి వేరే రాడ్లు బిగించాలి. ముందువైపు మెలిపడే ఉక్కు కడ్డీలు, వాటినీ తీయాలి. పైగా అంబాసిడర్‌కు లారీలాగా విడి ఛాసిస్ లేదు, ఒళ్లే ఎముక. బ్రాకెట్లన్నీ ఆ రేకుకే వెల్డింగ్ చేయాలి. పెద్దాయన కిందికి దూరి స్క్రూడ్రైవర్‌తో అలా పొడిచాడు. తుప్పు పొడిపొడిగా రాలింది. మా వాడి మొహం చూడాలి అప్పుడు!

“పన్నెండు క్వింటాళ్ల బండి ఈ తుప్పు మీద నిలబడల్ల. ఊరేగింపులో ఊడితే?” అన్నాడాయన. “ఇంకోటి. గాలి మీద నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ దూరకు నాయనా. సంచి పోతే అరుపుకు కూడా టైముండదు.”

చట్టం సంగతి నేనే చెప్పాను. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఆర్.సి. మామ పేరున ఉంది.

బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సరే తాతా, తుప్పు తీసి అతుకు వేయి. కమాన్లు కొత్తవి కట్టు” అన్నాడు.

పెళ్లినాడు ఊరేగింపు కాగానే, ఒకప్పటి ఆరుగురు పిల్లలం మళ్లీ ఆ వెనక సీట్లో ఇరుక్కున్నాం. ఇప్పుడు మా ఒళ్లు వేరు గదా! ఏ స్విచ్చూ నొక్కకుండానే అంబాసిడర్ వెనకభాగం కిర్రుమంటూ కూర్చుంది. ముగ్గురం దిగాక లేచింది.