సత్తి మాటా, మన నవ్వూ

కిందటి నెల కమిటీ సమావేశంలో ఉగాది కార్యక్రమాల ప్రస్తావన వచ్చినప్పుడు, "మళ్ళీ ఒకసారి ఆ సత్తి-సావిత్రి స్కిట్ వేయిద్దామండీ, 2018లో జనం పడీ పడీ నవ్వారు" అని ఒక పెద్దమనిషి అన్నారు. అందరూ నావైపు చూశారు. ఆ స్కిట్ రాసింది నేనే గనక. వెంటనే సరేననడానికి నాకు నోరు రాలేదు. కారణం చెబుదామనుకునేలోగా చర్చ హాలు అద్దె మీదికి మళ్ళిపోయింది. అందుచేత ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిక పట్టి చదవండి.

కొత్తగా వచ్చిన కుటుంబాలవారి కోసం ముందు ఆ కార్యక్రమం గురించి రెండు మాటలు. 2012లో హైదరాబాదులో వీ6 అనే వార్తల చానల్ మొదలైంది. రోజంతా మామూలు వార్తలు చదివే ఆ చానల్లో రాత్రిపూట 'తీన్మార్ వార్తలు' అని ఒకటి వచ్చేది. తీన్మార్ అంటే మనకు తెలిసిందే, బోనాల్లోనూ పెళ్ళి ఊరేగింపుల్లోనూ కాళ్ళు నిలవనివ్వని దెబ్బ. ఆ రోజు వార్తలనే తెలంగాణ పల్లె మాటలో, ఎత్తిపొడుపులతో, సామెతలతో చెప్పేవారు. మొదట్లో నవీన్ అనే ఆయన మల్లన్న పేరుతో చెప్పి పేరు తెచ్చుకున్నారు. తర్వాత శివజ్యోతి 'సావిత్రి'గా, చేవెళ్ళ దగ్గర పామెన గ్రామానికి చెందిన రవికుమార్ 'బిత్తిరి సత్తి'గా వచ్చారు. సావిత్రి వార్త చెబుతూంటే సత్తి ఏమీ తెలియనివాడిలా వచ్చి కూర్చుని ప్రశ్నలు వేసేవాడు. మంత్రిగారి హామీ, రోడ్డు మీద గుంట, ఉల్లిగడ్డల ధర, ఏదైనా సరే. ఆ తెలియనివాడి ప్రశ్నకు తెలిసినవాళ్ళ దగ్గర జవాబుండేది కాదు. హాస్యమంతా అక్కడే.

మేము ఇక్కడికి 2016లో వచ్చాం. అప్పటికే అల్ నహదాలో మా బిల్డింగులో ఉన్న నాలుగైదు తెలుగు కుటుంబాలకు అది ఒక వ్యసనం. 2022 జనవరిలో సెలవులు శని, ఆదివారాలకు మారకముందు మనలో చాలామందికి గురువారం రాత్రే పండగ కదా. ఎవరో ఒకరింట్లో భోజనాలు. యూట్యూబులో వారం రోజుల తీన్మార్ వరసగా పెట్టుకుని, మధ్యలో ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసి, పన్నెండు దాటాక కూడా వాదించుకునేవాళ్ళం. పిల్లలు సోఫాల్లోనే నిద్రపోయేవారు.

మా వాదనలు చిన్నవి కావు. మల్లన్నకు పదును ఎక్కువా, సత్తికా? మల్లన్న మాట ముందే కత్తిలా ఉంటుంది, సత్తి మాట కత్తని తెలిసేసరికి తెగిపోయి ఉంటుందని మావారి పక్షం. గుంటూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మిత్రుడు ఎప్పుడూ ఒకటే పట్టు పట్టేవాడు: "చానల్ ఎవరిది? వివేక్ వెంకటస్వామి గారి కుటుంబానిది. ఆయన పార్టీ మారినప్పుడల్లా ఈ నవ్వు ఏ వైపు తిరుగుతుందో లెక్క రాయండి." ఎవరూ రాయలేదు గానీ, అడగవలసిన ప్రశ్నే. ఆ కుటుంబ పెద్ద కాంగ్రెసు, టీఆర్ఎస్, మళ్ళీ కాంగ్రెసు, మళ్ళీ టీఆర్ఎస్, 2019లో బీజేపీ, 2023లో తిరిగి కాంగ్రెసు. నవ్వించేవాడికి కూడా జీతం ఇచ్చేవాడొకడు ఉంటాడని మరిచిపోకూడదు.

ఆ కూటంలో వరంగల్ నుంచి వచ్చిన ఒక లెక్చరరు గారు ఉండేవారు. ఆవిడ మాట తక్కువ. ఒక రాత్రి ఆవిడే మాకు పిట్టల దొర సంగతి చెప్పారు. తెలంగాణ పల్లెల్లో పాత ఖాకీ దుస్తులు, టోపీ, భుజాన కట్టె తుపాకీతో ఒకడు వస్తాడు. తుపాకి రాముడనీ, లత్కోర్ సాబ్ అనీ కూడా అంటారు. తనకు లేని భూములు, లేని బంగళాలు, తనను చూసి గజగజలాడే కలెక్టర్ల గురించి గుక్క తిప్పుకోకుండా కోతలు కోస్తాడు. ఊరు నవ్వుతుంది. ఆ కోతల్లో దొర ఉంటాడు, పటేలు ఉంటాడు, పోలీసు ఉంటాడు. వాళ్ళ ఎదుటే వాళ్ళ వేషం వేసి బియ్యం అడుక్కుని వెళ్ళిపోతాడు. "సత్తి కొత్తగా పుట్టినోడు కాదండీ" అన్నారావిడ. 2019లో సత్తి కథానాయకుడుగా వచ్చిన సినిమా పేరు 'తుపాకి రాముడు' అని చూసినప్పుడు ఆవిడ మాటే గుర్తొచ్చింది.

కాకినాడలో పుట్టి, అక్కడే రంగరాయ కాలేజీలో చదువుకున్న నాకు పిట్టల దొర తెలియదు. నాకు తెలిసిన తెలంగాణ మాట సినిమాల్లోది. మా చిన్నప్పటి సినిమాల్లో ఆ మాట రౌడీకో, లేకపోతే హాస్యగాడికో ఇచ్చేవారు. నాయకుడు, నాయిక, డాక్టరు, జడ్జి అందరూ కృష్ణా జిల్లా తెలుగే మాట్లాడేవారు. ఆ చెవులతోనే నేను తీన్మార్ విన్నాను. ఆ సంగతి నాకు అప్పట్లో తెలియదు.

2017 నవంబరులో బంజారాహిల్స్‌లో చానల్ ఆఫీసు దగ్గర ఒక యువకుడు సత్తి మీద దాడి చేశాడు. తెలంగాణ భాషను వెక్కిరిస్తున్నాడని అతని కోపం. ఆ గురువారం మా ఇంట్లో భోజనాలు. అందరం ఏకకంఠంతో ఆ యువకుణ్ణి తిట్టాం. సత్తి ఆ ఊరివాడు, ఆ మాట అతని సొంతం, తన ఇంటి మాట మాట్లాడితే వెక్కిరింత ఎలా అవుతుంది? కొట్టడమేమిటి, అనాగరికం. లెక్చరరు గారు మాత్రం, "కొట్టుడు తప్పే. కానీ ఆ పిలగానికి ఎందుకట్ల అనిపించిందో గూడ సోంచాయించాలె కదా" అన్నారు. సాధారణంగా మాతో మా తెలుగులోనే మాట్లాడే మనిషి. ఆ ఒక్క వాక్యం అలా వచ్చింది. మేము పెద్దగా పట్టించుకోలేదు. బిర్యానీ చల్లారిపోతోంది.

ఇక 2018 ఉగాది. పిల్లల చేత సత్తి-సావిత్రి వేయిద్దామన్నారు, నేను రాశాను. సత్తి దుబాయి వస్తాడు. మెట్రో ఎక్కడం తెలియదు, మాల్‌లో ఎస్కలేటరు చూసి జడుసుకుంటాడు, సెక్యూరిటీవాడితో హిందీలో తంటాలు పడతాడు. వేషం దగ్గర ఎవరికో ఒక ఆలోచన తట్టింది: కూలీలు వేసుకునే నీలం ఓవరాల్, పసుపు హెల్మెట్. పిల్లవాడు అది వేసుకుని స్టేజీ మీదికి రాగానే, ఇంకా నోరు విప్పకముందే, హాలంతా గొల్లుమంది. నేను తెర పక్కన నిలబడి మురిసిపోయాను. రచయితకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ ఎండాకాలమే అనుకుంటాను, అప్పట్లో అల్ కూజ్ దగ్గర ఒక క్లినిక్‌లో పనిచేసేదాన్ని. చుట్టూ వర్క్‌షాపులు, లేబర్ క్యాంపులు. తెలుగు డాక్టరని తెలిసి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపువాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. ఒక సాయంత్రం నలభై ఏళ్ళ మనిషి వచ్చాడు. నీలం ఓవరాల్ మీదే ఉన్నాడు, షిఫ్టు దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు.

"ఛాతిల మంట మేడం. రాత్రి పండుకుంటె గొంతులకు పుల్లగ ఎగదన్నుతది. నిద్ర లేక శాన దినాలాయె."

అతను మాట సాగదీసి చెప్పిన తీరుకు నా పెదవులు కదిలాయి. నవ్వలేదనే అనుకున్నాను. అతను ఆగాడు.

"సత్తి యాదికొచ్చిండా మేడం?"

నేను ఏదో సర్దబోయాను. అతను కోప్పడలేదు. "మేం గూడ సూస్తం మేడం, రూముల పన్నెండుగురం ఒక్క ఫోన్ల సూస్తం. గాయిన ఏశం గట్టిండు, నవ్వాలె. నాది ఏశం గాదు" అన్నాడు. అని చొక్కా గుండీలు విప్పి పరీక్షకు సిద్ధమయ్యాడు.

ఈసీజీ తీశాను. ఛాతీలో మంట అన్న ప్రతిసారీ ఎసిడిటీయే అని రాసేయకూడదని మాకు నేర్పారు. ఆ వయసులో గుండెపోటు కూడా అలాగే మొదలవుతుంది. అదృష్టవశాత్తూ గుండెకు ఏమీ లేదు. కానీ చెమట పడుతోందా, ఎడమ చెయ్యి లాగుతోందా, మెట్లెక్కితే ఎక్కువవుతోందా అని అడగవలసినవి నేను ఆ నవ్వు సర్దుకోవడంలో మొదట అడగనే లేదు. మళ్ళీ కూర్చోబెట్టి అడిగాను. డాక్టరు తన మాటకు నవ్వుతోందని తోస్తే రోగి మాట కుదించుకుంటాడు. కుదించిన మాటలో జబ్బు సగమే బయటికొస్తుంది. ఇది పుస్తకాల్లో చదివిందే. నా టేబిలు దగ్గర జరిగేదాకా నాకు ఒంటబట్టలేదు.

మర్నాడు భోజనం దగ్గర పక్క గది ఈజిప్టు డాక్టరుతో ఈ సంగతి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, మాకూ ఉన్నారు అన్నాడు. దక్షిణాన ఎగువ ఈజిప్టు నుంచి వచ్చే సయీదీల మీద కైరోవాళ్ళకు లెక్కలేనన్ని జోకులట. వాళ్ళ యాస, వాళ్ళ అమాయకత్వం, వాళ్ళ మొండితనం. కైరోలో మేడలు కట్టే కూలీల్లో వాళ్ళు చాలామంది. "ఆ జోకులు చెప్పడానికి ధైర్యం అక్కర్లేదు. ధైర్యం కావలసిన జోకులు మా బాసెం చెప్పాడు" అన్నాడు.

బాసెం యూసెఫ్ మా వృత్తివాడే, గుండె శస్త్రచికిత్స నిపుణుడు. 2011లో తహ్రీర్ చౌక్ ఉద్యమం తర్వాత, మార్చిలో, ఇంట్లో బట్టలుతుక్కునే గదిలో కెమెరా పెట్టుకుని వార్తల మీద హాస్యం చెప్పి యూట్యూబులో పెట్టాడు. అమెరికాలో జాన్ స్టీవర్ట్ 1999 నుంచి 2015 దాకా 'డైలీ షో'లో చేసిన పని లాంటిదే. 2013లో స్టీవర్ట్ స్వయంగా కైరో వెళ్ళి ఇతని కార్యక్రమంలో కూర్చున్నాడు. వార్తలు చదివే గ్రాంథిక అరబ్బీ వదిలి బాసెం కైరో వీధి మాటలో మాట్లాడాడు. 2013 మార్చి చివర అధ్యక్షుడు మోర్సీని అవమానించాడని ప్రాసిక్యూటరు పిలిపిస్తే, మోర్సీ ఒక సన్మానంలో పెట్టుకున్న టోపీని వెక్కిరిస్తూ అంతకంటే పెద్ద టోపీ పెట్టుకుని వెళ్ళాడు. మోర్సీ పోయి సైన్యం వచ్చాక నవంబరులో ఒక చానల్ ఆపేసింది. 2014 ఫిబ్రవరిలో మరో చానల్ ఎత్తుకుంది. అది అప్పట్లో మన దుబాయి మీడియా సిటీ కేంద్రంగా ఉన్న ఎంబీసీ వారిదే. ఆ జూన్‌లో అదీ ముగిసింది. "మీ సత్తి ఎవరి మీద నవ్విస్తాడు?" అని అడిగాడు మా డాక్టరు.

ఆ రాత్రి ఇంటికొచ్చి పాత ఎపిసోడ్లు మళ్ళీ చూశాను, ఈసారి ఒంటరిగా. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. సత్తి చాలాసార్లు నవ్వించింది నాయకుల మీద, అధికారుల మీద, మాట తప్పినవాళ్ళ మీద. కొన్నిసార్లు మాత్రం ఉత్త వేషం మీదే బండి లాగించాడు, అవి ఇప్పుడు చూస్తే నీరసంగా ఉన్నాయి. ఇంకొకటి కూడా గమనించాను. మేము ఎప్పుడూ సత్తి గురించే వాదించుకున్నాం, సావిత్రి గురించి కాదు. ఒక ఆడపిల్ల స్టూడియోలో కూర్చుని, బడ్జెట్టు దగ్గర నుంచి పంట నష్టం దాకా అన్నీ అదే మాటలో, వేషం లేకుండా, తడబడకుండా చెప్పింది. వార్త చదవడానికి ఆ మాట పనికొస్తుందని రోజూ రాత్రి రుజువు చేసింది. నామట్టుకు ఆ కార్యక్రమంలో పెద్ద సంగతి అదే. నేను రాసిన స్కిట్‌లో సావిత్రికి ఆరు డైలాగులున్నాయి, ఆరూ సత్తికి అందించడానికే.

2019 తర్వాత వాళ్ళు చెదిరిపోయారు. ఇద్దరూ టీవీ9లో 'ఇస్మార్ట్ న్యూస్'కు వెళ్ళారు, శివజ్యోతి బిగ్‌బాస్‌లో కూడా కనిపించింది, సత్తి 2020లో సాక్షిలో 'గరం గరం వార్తలు' చేశాడు. మల్లన్న రాజకీయాల్లోకి దిగి 2024లో పట్టభద్రుల స్థానం నుంచి ఎమ్మెల్సీ అయ్యారు. ఎత్తిపొడిచేవాడే సభలోకి వెళ్ళాడని మా గుంటూరు మిత్రుడు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాడు, వాట్సాప్‌లో. లెక్చరరు గారి కుటుంబం ఖతార్ వెళ్ళిపోయింది. ఉగాది నాడు హాల్లో ఆవిడ ఎక్కడ కూర్చున్నారో, నవ్వారో లేదో ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. అడగాలని అనుకుంటాను, ఫోను చేసినప్పుడు పిల్లల చదువుల గురించి మాట్లాడి పెట్టేస్తాను.

స్కిట్ వద్దనడం నా ఉద్దేశం కాదు. కొత్తగా రాశాను. ఇందులో సత్తి ఇక్కడ పదిహేనేళ్ళుగా ఉన్న పెద్ద ఉద్యోగి. విల్లా ఉంది, రెండు కార్లున్నాయి, స్కూలు ఫీజుల గురించి మాట్లాడకుండా పది నిమిషాలు ఉండలేడు. "మనం ఇంకో రెండేళ్ళలో ఇండియా వెళ్ళిపోతాం" అని ప్రతి ఉగాదికీ ప్రకటిస్తాడు. మెట్రో ఎక్కడం ఇతనికీ తెలియదు, ఎప్పుడూ ఎక్కలేదు గనక. చదివి వినిపిస్తే మావారు, "ఇది నన్ను చూసి రాశావా?" అన్నారు.

సత్తి వేషానికి ఎన్నికైన కుర్రవాడు మొన్న ఫోను చేసి, "ఆంటీ, నీలం డ్రస్ ఎక్కడ కొనాలి?" అని అడిగాడు. వాళ్ళ అన్నయ్య చేసింది చూశాడట, వీడియోలో. మీ నాన్నగారు ఆఫీసుకు వేసుకెళ్ళే చొక్కా, మెడలో ఐడీ కార్డు చాలని చెప్పాను. కాస్త నిరుత్సాహపడ్డాడు.

రిహార్సల్స్ ప్రతి శనివారం సాయంత్రం 5 గంటలకు మా ఇంట్లో. సావిత్రి వేషానికి ఇంకా ఎవరూ దొరకలేదు. ఇరవైకి పైగా డైలాగులున్నాయి. పదీ పన్నెండేళ్ళ అమ్మాయి కావాలి, ఇంట్లో ఆ మాట మాట్లాడే అమ్మాయి. స్కూలుకు వచ్చాక మానేసిన అమ్మాయి అయినా ఫరవాలేదు.