శీతలయంత్రము చల్లబఱుపనప్పుడు

కర్నూలు, కడప సీమలయందు వేసవి యెట్టిదో యీ పత్రిక చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఏప్రిలు, మే మాసములందు ఉష్ణము 40 డిగ్రీలు దాటుట సాధారణము; కొన్ని దినములందు 45కు చేరువగుటయు కలదు. మన పూర్వులు దళసరి గోడలు పెట్టి, మిద్దెపై మట్టియు చవుడును పఱపించి యీ యెండను కొంతవఱకు తప్పించుకొనిరి. ఇప్పుడు సిమెంటు కప్పులు వచ్చినవి. పగలెల్ల నెండను త్రాగిన కప్పు నడిరేయి వఱకును ఆ వేడిని గదిలోనికి విడుచుచునే యుండును. కావుననే, ఒకప్పుడు కలవారి మేడలయందును సినిమాశాలలయందును మాత్రమే కానవచ్చిన శీతలయంత్రము నేడు ఉపాధ్యాయుల యిండ్లలోను, చిన్న దుకాణముల పైయంతస్తులలోను గోడకు అమరియున్నది. జనులు దానిని ఏ.సి. యందురు.

దానిని కొనునప్పటి యిబ్బంది కంటె, అది మే నెలలో నొకనాడు చల్లబఱుపక మొరాయించినపుడు కలుగు చిక్కే యెక్కువ. బాగుచేయింపవలెనా, తీసివేసి క్రొత్తది కొనవలెనా యని యింటివారు తర్కించుకొనుచుండగా పనివాడు వచ్చి, "గ్యాసు అయిపోయినది" అనును. యజమాని కొన్నివేల రూపాయలు చెల్లించును. ఆ యొక్క మాట యెంతవఱకు నిజమో తెలిసికొన్నచో తక్కిన సంగతులు చాలవఱకు తేటపడును.

యంత్రము చల్లదనమును పుట్టించునని పెక్కురు తలంతురు. చల్లదనము పుట్టించుటకు వీలైన పదార్థము కాదు. గదిలోని వేడిని తోడి వెలుపల పాఱబోయుటయే యంత్రము చేయు పని. అందుచేతనే శాస్త్రజ్ఞులు దీనిని హీట్ పంపు, అనగా వేడిని తోడు పంపు అని పిలుతురు. నీరు తనంత తాను పల్లమునకే పాఱునట్లు, వేడి తనంత తాను వేడివస్తువునుండి చల్లని వస్తువునకే పోవును. గదిలో 26 డిగ్రీలు, వీథిలో 43 డిగ్రీలు ఉన్నపుడు లోపలి వేడిని బయటికి పంపుట యనగా పల్లపు నీటిని మెరకకు ఎక్కించుటయే. ఒకప్పుడు మన సీమ బావులయందు ఎద్దులను కట్టి కపిల తోలెడివారు గదా! తోలుబాన బావిలోనికి దిగి, నీటితో నిండి, పైకి వచ్చి, కాలువలో నొలికి, వట్టిదై మరల దిగెడిది. శీతలయంత్రములో ఎద్దులకు బదులు కంప్రెసరు కలదు. నీటికి బదులు వేడి. ఇక గ్యాసన్నది యేమి? అదియే తోలుబాన.

ఈ గ్యాసు మిక్కిలి తక్కువ వేడికే మరుగు ద్రవము. మంచినీరు 100 డిగ్రీలకు మరుగుననియు, పీడనము తగ్గినచో అంతకు ముందే మరుగుననియు విద్యార్థులు చదివియున్నారు. ఆ సూత్రమే యిక్కడను పనిచేయును. గదిలోపలి రాగిగొట్టపు చుట్టలో పీడనము తక్కువగా నుండుటచే ద్రవము అయిదు పది డిగ్రీలకే మరిగి ఆవిరియగును. ఆవిరి యగుటకు కావలసిన వేడిని గదిలోని గాలినుండి లాగుకొనును. ఆ యావిరిని కంప్రెసరు గట్టిగా నొత్తగా అది వీథిలోని గాలికంటెను వేడెక్కును. అట్లు వేడెక్కిన పిదప వెలుపలి చుట్టలో తన వేడిని వీథికి విడిచి మరల ద్రవమగును. సన్నని త్రోవగుండ పోయి, పీడనము తగ్గి, మరల గదిలోనికి వచ్చును. బావి యెంత లోతైన ఎద్దుల కంత శ్రమ. గదిని 18 డిగ్రీలకు పెట్టుకొని వెలుపల 43 ఉన్నచో లోతు 25. 26కు పెట్టుకొన్నచో లోతు 17. ఒక్కొక డిగ్రీ పెంచినచో విద్యుత్తులో నూటికి ఆఱు పాళ్లు మిగులునని కేంద్రప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారు లెక్కగట్టి, 2020 జనవరి నుండి క్రొత్త యంత్రములన్నియు 24 డిగ్రీలతో మొదలగునట్లు కట్టడి చేయించిరి.

టన్ను అను కొలతను గూర్చి యొక మాట. ఒకటిన్నర టన్నుల యంత్రమనగా దాని బరువని తలంచువారు నేటికిని కలరు. పూర్వము మంచుగడ్డలతో శీతలము చేయు కాలమున, ఒక అమెరికను టన్ను, అనగా సుమారు 907 కిలోగ్రాముల మంచు ఒక దినములో కరగుటకు పీల్చుకొను వేడి యెంతయో, అంత వేడిని తోడు శక్తికి టన్నని పేరిడిరి. అది మూడున్నర కిలోవాట్లకు సమానము. ఒకటిన్నర టన్నుల యంత్రము అయిదు కిలోవాట్లకు పైగా వేడిని తోడుచు, అందుకై ఒకటిన్నర కిలోవాట్ల ప్రాంతపు విద్యుత్తును మాత్రమే పుచ్చుకొనును. ఎద్దు తినిన మేతకంటె తోడిన నీరు ఎక్కువైనట్లే.

ఈ కపిలను తిరుగవేసినచో వీథిలోని చలిగాలినుండి సైతము వేడిని తోడి యింటిలో పోయవచ్చును. ఆ యాలోచనను 1852లోనే విలియం థామ్సన్, అనగా తరువాత కెల్విన్ ప్రభువనబడిన శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. స్విట్జర్లాండు దేశమందలి జూరిచ్ నగర సభాభవనమును 1938లో నదీజలమునుండి తోడిన వేడితో వెచ్చబఱచిరి. నేడు అమెరికాలో కాపురమున్న మన తెలుగువారిలో పలువుర యిండ్లలో ఒక్క యంత్రమే వేసవికి చలువను, శీతకాలమునకు వెచ్చదనమును ఇచ్చుచున్నది. మన సీమకు ఆ రెండవ గుణముతో పనిలేదు. మనకు కావలసిన దొక్క దిక్కే.

ఇప్పుడు "గ్యాసు అయిపోయినది" అను మాటకు వత్తము. తోలుబాన యెన్నిమార్లు దిగి యెక్కినను తఱుగునా? చినిగిన కారును గాని వాడినంతమాత్రమున తఱుగదు. గ్యాసు కిరోసిను వలె కాలి ఖర్చగు వస్తువు కాదు. యంత్రము సరిగా నున్నంతకాలము, పది పదునైదేండ్లైనను, మొదట నింపిన గ్యాసే తిరుగుచుండును. గ్యాసు తక్కువైనదన్నచో ఎక్కడనో రంధ్రము కలదని యర్థము. రంధ్రమును వెదకక గ్యాసు నింపుట చినిగిన బానను కుట్టింపక మరల బావిలో దింపుట వంటిది. మే మెఱిగిన యొక యింట వరుసగా మూడు వేసవులు గ్యాసు నింపించిరి. నాలుగవ యేట వచ్చిన పనివాడు, గొట్టములు కలియు చోట మరచుట్టునుండి నూనెమరక దిగియుండుటను చూచి, సబ్బునురుగు పూసెను. బుడగలు లేచినవి. గొట్టపు మొనను కోసి, మరల పూవువలె విరియజేసి బిగించుటకు అరగంట పట్టినది. ఆ మూడేండ్లు చెల్లించిన సొమ్ము వీథిగాలిలో కలిసిపోయినది.

కావున గ్యాసు నింపవలెనని చెప్పిన పనివానిని నాలుగు సంగతులడుగుట యజమానికి తగిన పనియే గాని అవమానింపుట కాదు. రంధ్ర మెక్కడ? నైట్రొజను వాయువును పట్టించి పీడనము నిలుచునో లేదో పరీక్షించితివా? గ్యాసు నింపకమునుపు వాక్యూము పంపు పెట్టి గొట్టములలోని గాలిని, తేమను లాగివేసితివా? యంత్రముపై వ్రాసియున్న తూకము ప్రకారము త్రాసుతో తూచి పోయుచున్నావా? ఇవన్నియు చేయు పనివారు మన పట్టణములందు లేకపోలేదు. వారు కొంచె మెక్కువ అడిగినను ఇచ్చుట మేలు.

అయితే చల్లబఱుపకపోవుటకు గ్యాసు కారణము కాని సందర్భములే పెక్కు. పనివానిని పిలువకమునుపు ఇంటివారే చేయదగిన పరీక్ష యొకటి కలదు. ముందుగా లోపలి జల్లెడను, అనగా ఫిల్టరును, తీసి నీటితో కడిగి ఆఱవేసి మరల పెట్టవలెను. తరువాత యంత్రమును పదునైదు నిమిషములు నడిపి, గాలిని లోనికి లాగుకొను పైభాగమున నొకసారియు, చల్లనిగాలి వదలు నోటియొద్ద నొకసారియు ఉష్ణమాపకమును పట్టి చూడవలెను. రెంటికిని ఎనిమిది మొదలు పండ్రెండు డిగ్రీల భేదమున్నచో యంత్రము తన పని తాను చేయుచున్నదనుట. అప్పటికిని గది చల్లబడకున్న లోపము గదిది. కప్పు మండిపోవుచుండవచ్చును, పడమటి కిటికీకి తెర లేకపోవచ్చును, లేదా గదికి యంత్రము చాలకపోవచ్చును. కప్పుపై తెల్లని సున్నము కొట్టించుటకగు ఖర్చు పెద్ద మరమ్మతుల కంటె తక్కువ.

భేదము చాలకున్నచో ముందు అనుమానింపదగినది దుమ్ము. బేతంచెర్ల వైపు రాతిపలకలు నునుపు పెట్టు కార్ఖానాలును, ఎఱ్ఱగుంట్ల ప్రాంతమున సిమెంటు కార్ఖానాలును కలవు. అవి లేని ఊళ్లయందును వేసవి సుడిగాలులకు కొదువ లేదు. ఆ ధూళి వెలుపలి చుట్టయొక్క సన్నని రేకుల నడుమ అట్టగట్టినచో వేడి బయటికి పోజాలదు. యంత్రము గర్జించును, మీటరు తిరుగును, గది చల్లబడదు. వేసవికి ముందొకసారి విద్యుత్తు ఆపి, మెల్లని నీటిధారతో కడిగించుట చాలును. మిక్కిలి వడిగల నీటిధార రేకులను వంచివేయును.

వెలుపలి పంకా తిరుగక, కంప్రెసరు మూలిగి ఆగిపోవుచున్నచో చాలసార్లు చెడినది కెపాసిటరు అను చిన్న డబ్బా. మన యెండలో అది ముందుగా నీరసించును. దాని వెల కొన్ని వందలే; కంప్రెసరు పోయినదని భయపడి వేలు చెల్లింపకమునుపు దానిని కొలిపించి చూడవలెను. ఇన్వర్టరు యంత్రములలో దీనికి బదులు ఎలక్ట్రానిక్ పలక చెడుచుండును. వోల్టేజి హెచ్చుతగ్గులే గాక, వెచ్చదనమునకై దూరిన బల్లులును, చీమలును దానిని కాల్చుట కలదు; వైర్లను కొఱుకుట ఎలుకల వంతు. గోడవెంట నీరు కారుటకు చాలసార్లు గ్యాసుతో సంబంధముండదు. నీరు పోవు గొట్టము పాచిపట్టి మూసికొనుటయే దానికి సాధారణ కారణము.

విద్యార్థులకు ముఖ్యముగా చెప్పవలసినది. వెలుపలి పెట్టెను విప్పరాదు. కెపాసిటరు విద్యుత్తును నిలువచేయు సాధనము. స్విచ్చి ఆపిన తరువాతను గట్టిగా కొట్టగలదు. నేటి యంత్రములలోని ఆర్-32 గ్యాసు కొంతవఱకును, ఆర్-290 అనబడు ప్రొపేను పూర్తిగాను మండు స్వభావము గలవి. గ్యాసును పూర్తిగా తీసివేయక గొట్టములకు మంటపెట్టి అతుకుట ప్రమాదము. నైట్రొజను దొరకలేదని ఆక్సిజను సిలిండరుతో పీడనపరీక్ష చేయుట అన్నిటికంటెను ఘోరమైన పని. కంప్రెసరులోని నూనెతో కలిసి అది ప్రేలును. అట్టి సిలిండరుతో వచ్చినవానిని గుమ్మమునుండియే పంపివేయవలెను.

ఇక మార్పిడి మాట. దుకాణదారులు క్రొత్త యంత్రము కొన్నచో కరెంటు బిల్లుతోనే దాని వెల తిరిగి వచ్చునందురు. లెక్కవేసి చూతము. పాతది గంటకు 1.6 యూనిట్లు, క్రొత్తది 1.1 యూనిట్లు పుచ్చుకొనునని అనుకొందము. గంటకు అర యూనిటు మిగులును. రాత్రి 8 గంటల వంతున 120 దినములు నడిపినచో 480 యూనిట్లు. యూనిటు 8 రూపాయలైన ఏటికి 3,840 రూపాయలు. యంత్రము వెల 40,000 అనుకొన్న ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు పదేండ్లు దాటును. కావున ఆరోగ్యముగా నున్న పాతయంత్రమును బిల్లు కొఱకు మాత్రమే మార్చుట, వేసవి నాలుగు నెలలు రాత్రివేళ మాత్రమే వాడు గృహస్థునకు లాభసాటి కాదు. పగలు రేయి నడుపు దుకాణము వారి లెక్క వేఱు. కాని పాతదానికి కంప్రెసరే పోయి, బాగుచేయుటకు 18,000 అడిగినారనుకొందము. అప్పుడు క్రొత్తదానికై అదనముగా పెట్టునది 22,000 మాత్రమే. అది ఆఱేండ్లలోపుననే తీరును. పైగా పాతయంత్రములో రేపు మఱియొక భాగము చెడదను హామీ లేదు. పదేండ్లు దాటిన యంత్రమునకు కంప్రెసరు వేయింపకుండుటయే మా యభిప్రాయము. పదేండ్లలోపుదైనచో ముందు హామీకాగితమును వెదకవలెను. కంప్రెసరుకు పదేండ్ల హామీ యిచ్చిన కంపెనీలు పెక్కు కలవు.

పాతయంత్రము ఆర్-22 గ్యాసుదైనచో మఱియొక విచారము కలదు. భూమిని కాపాడు ఓజోను పొరకు హాని చేయు వాయువులను మాన్పించుటకు 1987లో మాంట్రియాల్ నగరమున కుదిరిన యొడంబడికను అనుసరించి ఈ గ్యాసు క్రమముగా తగ్గింపబడుచున్నది. ఇకముందు ఆర్-22 దొరకుట కష్టతరమగునే గాని సులువు కాదు. అందుచే దాని చుట్టకే చిల్లుపడినచో వ్యయము పెట్టుట వ్యర్థము. ఆర్-22 యంత్రములో ఆర్-32 పోసెదమను వారిని నమ్మరాదు. పీడనము వేఱు, నూనె వేఱు, మంటగుణము వేఱు.

క్రొత్తది కొనువారు నక్షత్రముల చీటీపై సంవత్సరములను గూడ చదువవలెను. 2022 జులైలో కొలమానమును బిగించినందున అంతకుముందు 5 నక్షత్రములు పొందిన యంత్రములు చాలవఱకు 4కు దిగినవి. మఱియు చీటీమీద ప్రకటించిన శక్తి వెలుపల 35 డిగ్రీలున్నపుడు కొలిచినది; మన మే మాసపు మధ్యాహ్నమున అంత శక్తి రాదు. పైయంతస్తు గదికి కొంచెము పెద్దదానిని ఎంచుటకు ఇదియే న్యాయమైన కారణము. వెలుపలి పెట్టెను పడమటియెండలో గాని, కాలిన కప్పుపై బండలకు ఆనించి గాని పెట్టింపక, ఉత్తరపు గోడకు నీడలో, ఎదుట గాలి ఆడునట్లు బిగింపవలెను. పాతదానిని పగులగొట్టి రాగి తీయు తుక్కువారికి ఇచ్చినచో అందులోని గ్యాసంతయు ఆకాశమునకే పోవును. 2023 ఏప్రిలు నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలలో శీతలయంత్రములు గూడ చేరియున్నవి గనుక, క్రొత్తది అమ్మినవారినే పాతదానిని తీసికొనిపొమ్మని, అందుకు చీటీ వ్రాసి యిమ్మని అడుగవచ్చును.