షాంటిలీ నుంచి పరవాడ దాకా

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని షాంటిలీలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి కొడుకు అనకాపల్లి దగ్గరి పల్లెలో ఉన్న అమ్మకు వీడియో కాల్ చేస్తే, ఆ మాట దారిలో అత్యధిక భాగం వెంట్రుకంత సన్నని గాజుపోగులో కాంతిగా ప్రయాణిస్తుంది. పోగు లోపలి పొర వక్రీభవన గుణకం పై పొరకంటే కాస్త ఎక్కువ. అందుచేత కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ లోపలే సాగిపోతుంది. గాజులో దాని వేగం సెకనుకు సుమారు 2,00,000 కి.మీ. షాంటిలీకి, అనకాపల్లికి మధ్య దూరం 13,000 కి.మీ. పైనే. తీగ సూటిగా వేసినా ఒకవైపు ప్రయాణానికే కనీసం 65 మిల్లీసెకన్లు కావాలి. పైగా దాదాపు ప్రతి 15 కి.మీ.కు కాంతి తీవ్రత సగానికి పడిపోతుంది కనుక, సముద్రం అడుగున దారి పొడవునా వర్ధకాలు అమర్చాలి. వర్జీనియా బీచ్ నుంచి స్పెయిన్‌కు 2017లో వేసిన మారియా కేబుల్ ఒక్కటే 6,600 కి.మీ. పొడవు.

సముద్రాలు దాటిన సంకేతానికి అసలు కష్టం చివరి పది కిలోమీటర్లలో ఎదురవుతుంది.

పల్లెలకు పోగు చేర్చడానికి 2011లో కేంద్రం ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కే నేటి భారత్‌నెట్. దాన్ని మొదట పరీక్షించిన మూడు చోట్లలో అప్పటి విశాఖ జిల్లా పరవాడ ఒకటి. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా పోగు లాగింది. తవ్వితే వేల కోట్లు, ఏళ్ల కాలం పట్టే పని, మొదటి దశలో సుమారు 333 కోట్ల అంచనాతో సాగింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. ఇంటర్నెట్, ఫోను, టీవీ కలిపి నెలకు 149 రూపాయలన్నారు. పేద రాష్ట్రానికి స్తంభాల మీదుగా లాగడం సరైన నిర్ణయమేనని నా నమ్మకం.

కానీ మనది తుపానుల తీరం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో వేల స్తంభాలు నేలకొరిగాయి. స్తంభం పడితే కరెంటుతో పాటు కబురూ తెగిపోతుంది, అదీ కబురు అత్యవసరమైన రోజునే. తెగిన పోగును అతకడం కరెంటు తీగను మెలిపెట్టినంత సులువు కాదు. కాంతి నడిచే లోపలి భాగం వ్యాసం తొమ్మిది మైక్రాన్లే. రెండు కొసలనూ యంత్రంలో సరిగ్గా ఎదురెదురుగా నిలిపి, కరిగించి కలపాలి. ఆ యంత్రం, అది తెలిసిన మనిషి మండలంలోనే ఉండాలి.

విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో పాటు సముద్ర కేబుళ్ల కేంద్రాన్నీ తెస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. సంతోషమే. ఆ కేబుల్ ఒడ్డుకు చేరేలోగా తీర మండలాల ప్రధాన పోగు మార్గాలనైనా ప్రభుత్వం భూమిలోకి దించాలి.