విదేశమున స్థిరనివాసము: ముందుగా ఆలోచింపవలసినవి

పూర్వము మన తెలుగువారు కూలిపనులకై ఓడలెక్కి బర్మా, మలయా, మారిషస్ దేశములకు వెళ్ళిరి. నేడు చదువుకొనిన మన బిడ్డలు ఆస్ట్రేలియా వంటి ఖరీదైన దేశములలో శాశ్వతముగా స్థిరపడ నెంచుచున్నారు. అట్టి కుటుంబములకు ఉపయోగించునని కొన్ని విషయములు విన్నవించుచున్నాము.

అక్కడి జీతమును రూపాయలలోనికి మార్చి మురియరాదు. రాబడి డాలర్లలో ఉన్నచో ఇంటి అద్దె, పాల వెల, పసిబిడ్డల సంరక్షణ రుసుము కూడ డాలర్లలోనే ఉండును. ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసానుమతి గలవారికి ప్రభుత్వ వైద్య పథకమైన మెడికేర్ వర్తించును. కాని నిరుద్యోగ భృతికి సాధారణముగా 4 సంవత్సరములు వేచియుండవలెను. కావున ఉద్యోగము లేకున్నను కనీసము 6 నెలలు గడుపుటకు చాలినంత సొమ్ము చేతనుంచుకొని బయలుదేరుట మంచిది.

ఆ సొమ్మునకై పొలమును తెగనమ్మరాదు. విదేశమున స్థిరపడినవారు మన దేశమున ఇల్లు కొనవచ్చును; వ్యవసాయ భూమిని మాత్రము విదేశ మారక నిబంధనల ననుసరించి సాధారణముగా కొనజాలరు. ఉన్న భూమిని ఉంచుకొనవచ్చును, వారసత్వముగా పొందవచ్చును. ధర్మపురిలోని మామిడి తోట ఒకసారి చేజారినచో అక్కడనుండి మరల కొనుట దుర్లభము.

విక్రయింప నక్కరలేని ఆస్తి మాతృభాష. ఆస్ట్రేలియాకు నిపుణులుగా వలసపోవువారు అచ్చటి అనువాదకుల సంస్థ జరపు తెలుగు–ఆంగ్ల సంభాషణానువాద పరీక్షలో నెగ్గినచో వారి అర్హతకు 5 అంకములు చేరును. కనుక తల్లిదండ్రులు ఇంట బిడ్డలచే తెలుగు మాట్లాడింపవలెనని కోరుచున్నాము.