కారు వెనక కన్ను

కిందటేడు సంక్రాంతికి ముందు రోజు మావారు కారు వెనక్కి తీస్తూవుంటే టైరు కింద ఏదో పటపటమంది. దిగి చూద్దుము గదా, పక్కవాటా వాళ్ల చంటాడి మూడు చక్రాల సైకిలు! వాడు ఆ సమయానికి మెట్ల మీద కూచుని అరిసె తింటున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ పూట మా యింట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

మావారు చూడక కాదండీ. వెనక అద్దం అంచుకు దిగువన వున్నదేదీ డ్రైవరు సీట్లోంచి కనబడదు. రెండు మూడేళ్ల పిల్లలు సరిగ్గా ఆ చాటులోనే ఆడుకుంటారు. అమెరికాలో 2002లో కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ల బాబు తన యింటి ముందరే, కన్నతండ్రి వెనక్కి తీస్తున్న కారు కింద పడి పోయాడు. ఆ బాబు పేరనే అక్కడ చట్టం వచ్చింది. 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా వుండి తీరాలన్నారు. రివర్సు గేరు వేసిన 2 సెకన్లలో బొమ్మ తెర మీదికి రావాలని కూడా నియమం పెట్టారు. ఈ 2 సెకన్ల మాట కాస్త గుర్తుంచుకోండి.

మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లకు, వెనక అడ్డు వుంటే కుయ్‌మనే సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. మాది అంతకు ముందుది. "కెమెరా, దారి చూపే మ్యాపు రెండూ ఒకే తెర మీద వచ్చేట్టు నేనే చేస్తానమ్మా" అన్నాడు ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి. మిక్సీ విప్పి బిగించిన అనుభవం నాకూ వుంది గదా, పక్కన కూచున్నాను.

వాడు తెచ్చిన సామాను యిది: ఏడంగుళాల తెర, నంబరు ప్లేటు పైన బిగించే చిన్న కెమెరా, రాస్‌బెర్రీ పై అనే పేకముక్కంత కంప్యూటరు, ఒక జీపీయస్ రిసీవరు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు ఎడతెగకుండా టైము చెబుతూ వుంటాయట. ఆ కబురు చేరడానికి పట్టిన వ్యవధిని బట్టి రిసీవరు దూరం లెక్కకట్టి, కనీసం నాలుగింటి కబురు అందితే తానెక్కడుందో తేల్చుకుంటుంది. అందుకే దాన్ని సీటు కింద దాచకూడదు, ముందు అద్దం దగ్గర ఆకాశం కనబడేట్టు పెట్టాలి. మ్యాపు మాత్రం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారిది, జనం స్వచ్ఛందంగా గీసినది. ముందే కార్డులోకి ఎక్కించుకుంటే దారిలో ఇంటర్నెట్టు అక్కర్లేదు.

మొదట అబ్బాయి కెమెరా బొమ్మను కూడా ఆ చిన్న కంప్యూటరు ద్వారానే తెరకు పంపించాడు. చూడ్డానికి ముచ్చటగానే వుంది. మర్నాడు పొద్దున తాళం తిప్పి రివర్సు గేరు వేస్తే తెర నల్లగా వుంది! కంప్యూటరు నిద్ర లేచేసరికి అర నిమిషం పట్టింది. మనం కారు వెనక్కి తీసేది బయల్దేరేటప్పుడే కదండీ. "మ్యాపు ఆలస్యమైతే సందు చివర ఆగి చూసుకుంటాం. కెమెరా ఆలస్యమైతే ఏం చేస్తాంరా?" అన్నాను. వాడు మాట్లాడకుండా అంతా విప్పేశాడు.

ఈసారి కెమెరా తీగను నేరుగా తెరకే కలిపాడు. రివర్సు గేరు వేయగానే వెనక తెల్లదీపం వెలుగుతుంది చూడండి, దానికి వచ్చే 12 వోల్టుల కరెంటే కెమెరాకూ యిచ్చాడు. అదే కరెంటును తెరకున్న మరో సన్న తీగకు తగిలిస్తే, గేరు పడగానే తెర మ్యాపును వదిలి కెమెరాకు మారిపోతుంది. గేరు తీస్తే మళ్లీ మ్యాపు. కంప్యూటరు జోక్యం లేదు, బొమ్మ టక్కున వచ్చింది. కంప్యూటరుకు కావలసింది 5 వోల్టులే గనక దానికి కరెంటు దించే చిన్న పెట్టె విడిగా వుండాలి. తీగ బయల్దేరే చోటనే ఫ్యూజు పెట్టాలి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు, తీగ ఎక్కడైనా ఒరుసుకుంటే కాలవలసింది ఫ్యూజు గాని కారు కాదు. మీటరు పట్టడం తెలియనివాళ్లు ఈ భాగం కారు ఎలక్ట్రీషియను చేత చేయించుకోవడమే మేలు.

ఇంకో చిక్కు. కెమెరా కటకం వెడల్పు చూపుది గనక దగ్గరవి కూడా దూరంగా కనిపిస్తాయి. దీనికి విరుగుడు నేను చెప్పాను. కారు వెనక 1 అడుగు, 3 అడుగులు, 6 అడుగుల దూరాన ముగ్గుపిండితో అడ్డగీతలు గీశాను. మొదటి గీత తెరలో కనబడనే లేదు! కెమెరాను కాస్త కిందికి వంచాం. గీతలు కనిపించిన చోట్ల తెర అంచున ఎరుపు, పసుపు, ఆకుపచ్చ టేపుముక్కలు అంటించాం. ఆపైన చంటాడికి మేం కొనిచ్చిన కొత్త సైకిలునే తెచ్చి ఒక్కొక్క గీత మీదా నిలబెట్టి చూశాం. ఎడమ పక్కన పెడితే తెరలోనూ, అద్దంలో చూసినట్టు, ఎడమ పక్కనే కనబడాలి. మాకు తిరగబడి వచ్చింది. కెమెరాకు అందుకోసమే వున్న చిన్న తీగను కత్తిరిస్తే సరిపోయింది.

మా అత్తగారు ఇవేవీ నమ్మరు. మావారు తాళం తీసుకోగానే కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చి "ఊఁ, తియ్యి" అంటారు. మేమూ మానిపించలేదు. వానాకాలంలో కెమెరా మీద బురద చిమ్మి తెరంతా మసకేస్తుంది గదా, ప్రదక్షిణంలో ఆ నంబరు ప్లేటు దగ్గర ఆగి తడిగుడ్డతో తుడిచేదీ ఆవిడే.