జ్ఞాపకం లేని కథానాయకుడు

రచయిత సృష్టించిన పాత్ర ఆ రచయిత పోయాక కూడా బతకడం సాహిత్యంలో మామూలు సంగతే. కాని ఒక పాత్రకు శరీరాన్నిచ్చిన నటుడు వయసు మీరి తప్పుకున్నాక కూడా కథ ఆగకుండా నడుస్తూ ఉంటే ఏమవుతుంది? ఆ పాత్ర గడించిన అనుభవం ఎవరి ఖాతాలో పడుతుంది? ఈ ప్రశ్నకు జేమ్స్ బాండ్ చిత్రాల కంటే పెద్ద ఉదాహరణ దొరకదు. 1962లో వచ్చిన 'డాక్టర్ నో' మొదలు 2021 నాటి 'నో టైమ్ టు డై' దాకా ఇయాన్ సంస్థ 25 చిత్రాలు తీసింది. బాండ్ వేషం వేసినవాళ్ళు ఆరుగురు. ఇదంతా కాలక్షేపం సరుకని తోసేయడం సులభం. అయితే ప్రపంచమంతా చూసిన ఒక కథ కాలాన్నీ జ్ఞాపకాన్నీ ఎలా వాడుకుంటుందో తెలుసుకోవడం రచయితలకు అవసరమని నా ఉద్దేశం.

వేషధారి మారడం మనకు కొత్త కాదు. హరిశ్చంద్ర పాత్రను మన రంగస్థలం మీద ఎందరో నటులు పోషించారు. ఒకరి గొంతు బాగుందని, మరొకరి నటన బాగుందని ప్రేక్షకులు వాదించుకున్నారే తప్ప, నిన్నటి హరిశ్చంద్రుడు ఇవాళ ఎందుకు పొట్టిగా ఉన్నాడని ఎవరూ అడగలేదు. ఎందుకంటే ప్రతి ప్రదర్శనలోనూ కథ మళ్ళీ మొదటినుంచి మొదలై కాటిసీనుతో కొలిక్కి వస్తుంది. ఈ తేడాను నేను తరగతిలో పిల్లలకు ఇలా చెబుతాను: నాటకంలో అదే కథ మళ్ళీ జరుగుతుంది, వరస చిత్రంలో కథ తర్వాత కథ జరుగుతుంది. రెండో పద్ధతిలో నిన్న జరిగినదాని బరువు ఇవాళ మోయవలసి ఉంటుంది. బాండ్ చిత్రాల చిక్కంతా ఇక్కడే ఉంది.

మొదటి చిక్కు 1969లో వచ్చింది. అయిదు చిత్రాల్లో బాండ్‌గా వేసిన షాన్ కానరీ తప్పుకోగా, మోడల్‌గా పనిచేస్తున్న ఆస్ట్రేలియా యువకుడు జార్జ్ లాజెన్‌బీని 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'కి తీసుకున్నారు. నిర్మాతలు చేసిన పని గమనించదగ్గది. పాత చిత్రాల దృశ్యాలను పేర్ల వరసలో చూపారు. బాండ్ తన బల్ల సొరుగులోంచి పాత సాహసాల గుర్తులు తీసి చూసుకునేలా చేశారు. అదే సమయంలో, మొదటి ఘట్టంలోనే, తనకు ముందున్నవాడికి ఇలాంటి అవమానం జరగలేదన్నట్టు కొత్త నటుడి చేత ఒక చమత్కారపు మాట అనిపించారు. అంటే ఇతడు పాతవాడేనని ఒక చేత్తో సాక్ష్యం చూపిస్తూ, కాదని మరో చేత్తో కన్నుగీటారు.

ఆ చిత్రంలోనే మరో విచిత్రం ఉంది. 1967 నాటి 'యు ఓన్లీ లివ్ ట్వైస్'లో బాండ్, ప్రతినాయకుడు బ్లోఫెల్డ్ ముఖాముఖి తారసపడ్డారు. రెండేళ్ళ తర్వాతి చిత్రంలో బాండ్ మారుపేరు పెట్టుకుని, కళ్ళజోడుతో ఎదుటికొస్తే బ్లోఫెల్డ్ పోల్చుకోడు. దీనికి కారణం ఇయన్ ఫ్లెమింగ్ నవలల్లో దొరుకుతుంది. నవలల్లో పెళ్ళి కథ 1963లో, పగ తీర్చుకునే కథ 1964లో వచ్చాయి. చిత్రాలు ఆ వరసను తలకిందులు చేశాయి. అందువల్ల భార్య ట్రేసీ హత్యతో ముగిసిన 1969 చిత్రానికి ప్రతీకారం మిగలలేదు. 1971లో కానరీ తిరిగి వచ్చిన 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' ఆరంభంలో బాండ్ బ్లోఫెల్డ్‌ను ఆవేశంగా వేటాడతాడు, కాని ట్రేసీ పేరైనా ఎత్తడు. దుఃఖం పాత నటుడితోపాటే వెళ్ళిపోయింది.

1973లో వచ్చిన రోజర్ మూర్ కానరీకంటే మూడేళ్ళు పెద్దవాడు. కథలో బాండ్ ముందుకు పోతుంటే నటుడి పుట్టిన తేదీ వెనక్కి పోయింది! 1985లో చివరి బాండ్ చిత్రం వచ్చేనాటికి మూర్ వయసు 57. ఆ తర్వాత టిమోతీ డాల్టన్, పియర్స్ బ్రాస్నన్. ఇన్ని ముఖాలను ఒకే మనిషిగా నమ్మించినవి ఏమిటి? పక్కపాత్రలు, వస్తువులు. కార్యదర్శి మనీపెన్నీగా లోయిస్ మాక్స్‌వెల్ 1962 నుంచి 1985 వరకు 14 చిత్రాల్లో కనిపించింది. ఆయుధాలు అందించే క్యూగా డెస్మండ్ లెవెలిన్ 1963 నుంచి 1999 వరకు 17 చిత్రాల్లో ఉన్నాడు. ఇంటి పెద్ద మారినా అరుగుమీద కూర్చునే తాతయ్య మారకపోతే అది అదే ఇల్లని బాటసారి అనుకుంటాడు కదా! సూత్రం అదే. మూర్ మళ్ళీ నటిస్తాడో లేదో తేలని దశలో, కొత్త నటుడిని పరిచయం చేయడానికి పనికొస్తుందని, 1981 నాటి 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ'ని ట్రేసీ సమాధి దగ్గర మొదలుపెట్టారు. చివరికి మూరే నటించాడు. పన్నెండేళ్ళుగా మరుగునపడిన భార్య, గుర్తింపు కాగితంగా అక్కరకొచ్చింది.

నటుడి మార్పును కథలోనే జీర్ణించుకున్న పద్ధతీ లేకపోలేదు. బ్రిటన్ టెలివిజన్ ధారావాహిక 'డాక్టర్ హూ'లో 1966లో నాయక నటుడు మారినప్పుడు, ఆ గ్రహాంతర పాత్ర చావు దగ్గరపడితే కొత్త శరీరం పొందుతుందని కథలోనే కల్పించారు. అక్కడ మార్పుకు ఒక వెల ఉంది, ఒక వీడ్కోలు ఉంది. బాండ్ చిత్రాలు చాలాకాలం మౌనాన్నే ఆశ్రయించాయి.

ఈ మౌనం వెనక ఆస్తి లెక్క ఉంది. హరిశ్చంద్రుడు ఎవరి సొత్తూ కాదు. బాండ్‌కు హక్కుదారులున్నారు. ఆ హక్కుల తగాదా వల్లనే 1983లో ఒకే ఏడాది ఇద్దరు బాండ్‌లు తెరకెక్కారు: ఇయాన్ సంస్థ 'ఆక్టోపసీ'లో మూర్, బయటివాళ్ళు తీసిన 'నెవర్ సే నెవర్ అగైన్'లో కానరీ. నటుడు కూలికి వచ్చినవాడు, పేరు మాత్రం పెట్టుబడి. పేరుకు వయసు రాకూడదు, గాయం మిగలకూడదు. మిగిలితే తర్వాతి సరుకు అమ్ముడుపోదు.

జ్ఞాపకం లేకపోవడం వల్ల నష్టం ఎవరికి? 'ఆక్టోపసీ' ఉదయపూర్‌లో చాలాభాగం తీశారు. పాములవాడు, మేకుల పాన్పు, కత్తి మింగేవాడు — పరాయి కళ్ళు కోరుకునే భారతదేశమంతా అందులో ఉంది. జూదంలో గెలిచిన నోట్ల కట్ట ఒక భారతీయ సహాయకుడి చేతిలో పెడుతూ, కొన్ని వారాలపాటు కూర తినవచ్చని బాండ్ హాస్యమాడతాడు. టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృతరాజ్ వేసిన మరో సహాయకుడి పాత్ర పేరు కూడా విజయే. అతడు బాండ్ పనిలో ఉండగా హత్యకు గురవుతాడు. తర్వాతి చిత్రంలో అతని ఊసు లేదు. నాయకుడికి జ్ఞాపకం లేకపోతే, అతనికోసం చచ్చినవాళ్ళకు చరిత్ర ఉండదు. కథాక్రమం అనేది కేవలం శిల్పానికి సంబంధించిన విషయం కాదని నేననడం ఇందుకే. ఎవరి చావు గుర్తుండాలి, ఎవరిది మరిచిపోవచ్చు అనే నిర్ణయం అందులో దాగి ఉంటుంది.

2006లో 'కాసినో రాయల్' ఈ పద్ధతిని మార్చింది. ఆరో నటుడు డేనియల్ క్రెయిగ్ 1968లో, అంటే మొదటి బాండ్ చిత్రం వచ్చిన ఆరేళ్ళకు పుట్టినవాడు. అతని బాండ్ అప్పుడే చంపే అనుమతి పొందిన కొత్త ఉద్యోగి. కథ మళ్ళీ మొదలైంది. అయినా అతని పై అధికారిణిగా, 1995 నుంచి బ్రాస్నన్‌కు అధికారిణిగా ఉన్న జూడీ డెంచే కొనసాగింది. 2012లో 'స్కైఫాల్' వచ్చేసరికి, 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్' కారు అదే నంబరు పలకతో ఈ కొత్త బాండ్ కొట్టంలోంచి బయటికొచ్చింది. తర్కానికి నిలవకపోయినా ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. వాళ్ళు గుర్తుపట్టింది బాండ్ గతాన్ని కాదు, తమ బాల్యాన్ని.

క్రెయిగ్ అయిదు చిత్రాల్లో మాత్రం ఒకదాని గాయం ఇంకోదానిలో సలుపుతుంది. మొదటి చిత్రంలో చనిపోయిన వెస్పర్ సమాధి దగ్గరికి అయిదో చిత్రంలో కూడా అతడు వెళ్తాడు. జ్ఞాపకం వచ్చినవాడికి వయసు వచ్చింది, వయసు వచ్చినవాడికి చావు వచ్చింది. 2021లో బాండ్ తెరమీద మరణించాడు. ఇది పాత్రచిత్రణలోని న్యాయం. కాలానికి లోబడిన పాత్ర ఎక్కడో ఒకచోట ముగియాలి. అయితే ఆ చిత్రం చివర అక్షరాలు బాండ్ తిరిగి వస్తాడని ప్రకటించాయి. 2025లో సృజన సంబంధమైన అధికారం అమెజాన్ ఎంజీఎం చేతికి పోయింది. పాత్ర చనిపోయింది కాని ఆస్తి చేతులు మారింది.

మన రచయితల్లో ధారావాహికలు రాసేవాళ్ళున్నారు, ఒకే నాయకుడితో నవల తర్వాత నవల రాసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకూ, వాటిని పరిశీలించే విద్యార్థులకూ నేను చెప్పదలచింది ఒక్కటే. తేదీలు కుదిరాయా, ముఖాలు కలిశాయా అని వెతకడం దగ్గర ఆగిపోవద్దు. గత కథలో పోయినవాళ్ళను ఈ కథ ఎంతవరకు గుర్తుంచుకుంది, నాయకుడు చేసిన పని అతణ్ణి ఏ మేరకు మార్చింది అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని కథ ఎన్ని భాగాలు నడిచినా మొదటి భాగంలోనే ఆగిపోయినట్టు లెక్క.