జబ్బు ఒక్క బిడ్డదే, భారం ఇంటిల్లిపాదిదీ

బిడ్డకు రక్త కాన్సర్ అని డాక్టరు చెప్పిన రోజున ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. తల్లి మనసులో ఒకటే ప్రశ్న: నేనేం తప్పు చేశాను? తండ్రి మనసులో మరొకటి: ఇంత డబ్బు ఎక్కడినుండి తేవాలి? మూడవ ప్రశ్న ఆ పూట ఎవరికీ తట్టదు. రాబోయే రెండు మూడేళ్ళు ఈ ఇల్లు ఎలా నడవాలి? మందులు డాక్టర్లు చూసుకుంటారు. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం కుటుంబమే వెదుక్కోవాలి.

ఎవరి తప్పూ కాదు

పిల్లలకు వచ్చే కాన్సర్లలో ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. రెండు నుండి ఐదేళ్ళ వయసులో ఇది ఎక్కువగా బయటపడుతుంది. మన రక్తం ఎముకల లోపలి మూలుగలో తయారవుతుంది. అక్కడ కొన్ని తెల్లకణాలు పక్వానికి రాకుండానే విపరీతంగా పెరిగిపోయి, మంచి రక్తానికి చోటు లేకుండా చేస్తాయి. అందుకే బిడ్డ పాలిపోతాడు, జ్వరం వదలదు, కాళ్ళు నొప్పులంటాడు, దెబ్బ తగలకుండానే ఒళ్ళు కములుతుంది.

ఇది అంటువ్యాధి కాదు. దిష్టి వల్లనో, తల్లి తిన్న తిండి వల్లనో, పెద్దల పాపం వల్లనో వచ్చింది కాదు. “మీ వైపు ఎవరికైనా ఉందా?” అని చూడవచ్చినవారు ఆరా తీస్తే, ఆ మాటను అక్కడే తుంచివేయండి. భార్యాభర్తల మధ్య అలాంటి మాట ఒక్కటి పడితే అది ముల్లులా మిగిలిపోతుంది.

మనవాడు చూపిన దారి

ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిన పిల్లలు కొన్ని వారాలలో, నెలలలో కన్నుమూసేవారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్ మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ మేలు కొన్ని నెలలే నిలిచినా దారి తెరుచుకుంది. ఆ మందుకు దగ్గర చుట్టమైన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ మన పిల్లలు మింగుతున్నారు. సంపన్న దేశాలలో నేడు ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి దాదాపు తొంభై మంది బ్రతుకుతున్నారు. మన దేశంలో అంతమంది దక్కకపోవడానికి ఉన్న కారణాలలో ఒకటి, చికిత్స మధ్యలో ఆగిపోవడం.

అసలు ప్రమాదం మధ్యలో ఉంది

మొదటి నెల చికిత్స ముగిసేసరికి చాలామంది పిల్లల్లో జబ్బు కణాలు పరీక్షకు కనిపించవు. కొన్నాళ్ళకు జుట్టు మొలుస్తుంది. బిడ్డ వీధిలో ఆడుకుంటాడు. అప్పులు పెరిగి ఉంటాయి, పొలం పనులు ఆగి ఉంటాయి. “ఇక బాగైపోయాడు కదా, ఇంకా హైదరాబాదు ఎందుకు?” అని పెద్దవారే అంటారు. సరిగ్గా ఇక్కడే కుటుంబం జాగ్రత్తపడాలి. కనిపించనంత కొద్దిగా దాగిన కణాలను తుడిచివేయడానికే మిగతా రెండేళ్ళ పైచిలుకు చికిత్స. జబ్బు తిరగబెడితే నయం చేయడం మరింత కష్టం.

పని పంచుకోండి

ఇంత దీర్ఘకాలం తల్లి ఒక్కతే లాగలేదు. ఆసుపత్రికి తండ్రి ఒకసారి, మేనమామో బాబాయో ఒకసారి వెళ్ళాలి. ఎవరు వెళ్ళినా మందుల సంగతి తెలిసి ఉండాలి. గోడమీద ఒక కాలెండరు మందులకే ఉంచండి. రోజూ మింగే మాత్ర వేరు, వారానికి ఒక్కరోజే మింగే మెథోట్రెక్సేట్ వేరు. దానిని పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. అందుచేత ఆ రోజును ఎర్ర సిరాతో గుర్తుపెట్టండి.

ఇంట్లో థర్మామీటరు ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే ఆసుపత్రికి చేర్చాలి. కాబట్టి ఏ ఆటోను పిలవాలో, ఇంటి దగ్గర ఎవరుంటారో ముందే అనుకోండి. ఇంట్లోగాని బడిలోగాని ఎవరికైనా ఆటలమ్మ, తట్టు వస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఖర్చు సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ నేడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. కాన్సర్ చికిత్స దాని పరిధిలో ఉంది. కాన్సర్ రోగికీ, తోడు వెళ్ళేవారిలో ఒకరికీ రైలు ఛార్జీలో రాయితీ ఉంది. ఆసుపత్రిలో ధ్రువపత్రం అడిగి తీసుకోండి. అయితే పోయిన కూలి, బస, భోజనం భారం కుటుంబం మీద పడవచ్చు. బంధువులు ఆదుకోవలసింది అక్కడే.

ఇంట్లో ఉన్న రెండవ బిడ్డ

తమ్ముడికి జబ్బు చేస్తే అక్కను అమ్మమ్మ ఇంట్లో దించుతారు. ఆ పిల్ల అల్లరి చేయదు, ఏమీ అడగదు. “ఎంత బుద్ధిమంతురాలో” అని అందరూ మెచ్చుకుంటారు. ఆ మౌనంలో ఎన్ని భయాలుంటాయో! నేను వాడిని కొట్టినందువల్లనే జబ్బు చేసిందా? నాకూ వస్తుందా? వాడు చచ్చిపోతాడా? ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని జబ్బు పేరు చెప్పండి. నీవల్ల రాలేదు, నీకు అంటదు అని చెప్పండి. ఆసుపత్రినుండి రోజూ ఒకే వేళకు ఫోనులో మాట్లాడండి. ఆ పది నిమిషాలు తమ్ముడి ఊసు కాక ఆమె బడి, ఆమె స్నేహితురాళ్ళ కబుర్లు వినండి. వారంలో ఒక పూట అమ్మగాని నాన్నగాని ఆమెకే కేటాయించండి.

జబ్బు చేసిన బిడ్డకూ నిజమే చెప్పాలి. “సూది వేయరులే” అని నమ్మబలికి తీసుకువెళ్తే మరుసటిసారి మీ మాట నమ్మడు. “కాసేపు నొప్పి పుడుతుంది, నేను చెయ్యి పట్టుకుంటాను” అనండి. స్టెరాయిడ్లు వాడే రోజులలో ఆకలి, చిరాకు పెరుగుతాయి. ఆ రోజులు ఓర్చుకోండి. అలాగని అడిగిందల్లా ఇవ్వకండి. అక్కను కొడితే తప్పు తప్పేనని చెప్పండి. నియమాలు మారని ఇంటిలో పిల్లలకు ధైర్యం ఉంటుంది.

చూడవచ్చేవారికి ఒక మాట

పండ్ల సంచీతో గుంపుగా వచ్చి, బిడ్డ ఎదుటే కన్నీరు పెట్టుకోవద్దు. జలుబు, దగ్గు ఉంటే అసలు రావద్దు. ఒక పూట వేడి అన్నం క్యారేజీ పంపండి. పెద్దపిల్లను బడినుండి తీసుకురండి. ఒక రాత్రి ఆసుపత్రిలో మీరుండి, ఆ తల్లిని నిద్రపోనివ్వండి. మొదటి వారంలో అందరూ వస్తారు. పదిహేనవ నెలలో వచ్చేవారే ఆప్తులు.

చివరి మాత్ర మింగే రోజు ఒకటి వస్తుంది. ఆ తరువాత కూడా పరీక్షలకు వెళ్ళాలి, కొన్నాళ్ళు ప్రతి జ్వరానికీ గుండె ఝల్లుమంటుంది. కాని ఆ రోజున బిడ్డ చుట్టూ అక్క, నాన్న, అమ్మమ్మ అందరూ ఒకే ఇంట్లో నిలబడి ఉండాలంటే, ఆ జాగ్రత్త మొదటి వారంలోనే మొదలుకావాలి.